శాలువాల ఫొటో సరే, ముందు రోజు తేదీ వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారమండి. ఆగస్టు 13న మీ పేపరు ఒడిశా పేజీలో ఒక ఫొటో వచ్చింది. మా దగ్గర్లోని ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో ముందు రోజు పుస్తకాల కార్యక్రమం జరిగిందట. వేదిక మీద ఏడుగురు పెద్దలు, ఏడుగురికీ శాలువాలు, బల్ల మీద ప్లాస్టిక్ పూలు, వెనకాల బ్యానరు మీద అక్షరాల్లో సగం వాళ్ల తలల చాటున. కింద నాలుగు లైన్లలో ఏడుగురి పేర్లు, హోదాలు. ఏ పుస్తకాల గురించి మాట్లాడారో, ఎవరు ఏం చదవమన్నారో ఒక్క ముక్క లేదు. పోనీ అదీ వదిలేద్దాం. ఆ రోజు బయట వాన పడుతుంటే నేను ఇంట్లో చింతపండులో గింజలు తీసుకుంటూ కూర్చున్నాను. బస్సెక్కితే గంటలో అక్కడుంటాను. ముందు రోజు మీరు రెండు లైన్లు వేసి ఉంటే వెళ్లేదాన్ని కదండీ!

నా గొడవ అంతా ఇదే. సభ అయిపోయాక ఫొటో వేస్తారు, అయ్యేముందు తేదీ వేయరు. ఇందులో ఉత్తరం రాసేంత విషయం ఏముందని మీకు అనిపించొచ్చు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక ఉంటే చదవండి.

నాది పర్లాకిమిడి. ఇక్కడ ఆటో ఎక్కితే కాసేపటికి పాతపట్నం, అంటే ఆంధ్రా. అటు బోర్డులు తెలుగులో, ఇటు బోర్డులు ఒడియాలో, నోటికి మాత్రం రెండూ. నేను తెలుగు బడిలో చదువుకున్నాను కాబట్టి మీ పేపరు చదవగలుగుతున్నాను. మా అమ్మాయి ఒడియా, ఇంగ్లీషు చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, నాతో దెబ్బలాడేది కూడా తెలుగులోనే, కానీ మీ పేపరు చేతికిస్తే బొమ్మలు చూసి మడిచేస్తుంది. ఫోన్లో నాకు మెసేజ్ పెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మా వీధిలో దాని ఈడు పిల్లలందరూ ఇంతే. భాష చెవిలో ఉంది, కంటికి రాలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీనికే వస్తాను.

ఆ విశ్వవిద్యాలయంలోనే మా అమ్మాయి ఎం.ఏ. చేస్తోంది. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను, రాస్తే అక్కడ పనిచేసే చిన్న ఉద్యోగుల మీదకి ఎవరైనా గుడ్లురుముతారు. కిందటి చలికాలం నుంచి అక్కడ లైబ్రరీ గుమ్మం పక్కన ఒక అర పెట్టారు. అట్టముక్క మీద ఒడియాలో ‘ఆమ పసంద’, అంటే మా ఇష్టం అని రాసి అంటించారు. లైబ్రరీలో జీతం తీసుకునే ప్రతి మనిషీ, మేడమ్ దగ్గర్నుంచి రాత్రి కాపలా ఉండే ఆయన దాకా, నెలకో పుస్తకం ఎంచి ఆ అరలో పెట్టాలి, పక్కన చేత్తో రాసిన చీటీ గుచ్చాలి. ఏ భాషలో రాసినా పర్వాలేదు. ఇదంతా ఒక అసిస్టెంట్ లైబ్రేరియన్ మేడమ్ ఆలోచనట, పై నుంచి వచ్చిన ఆర్డరేమీ కాదు. పై నుంచి ఆర్డరు వచ్చి ఉంటే ఈపాటికి దానికో కమిటీ ఉండేది, చీటీలు ఉండేవి కావు.

మా అమ్మాయి ఆ చీటీలు ఫొటో తీసి నాకు పంపేది. ఒకటి ఇప్పటికీ నా ఫోన్లో దాచుకున్నాను. బైండింగు చేసే ఆయన రాసింది: ‘ఈ పుస్తకం నేను మూడుసార్లు కుట్టాను. ఇన్నిసార్లు చిరిగిందంటే లోపల ఏదో ఉంది. నేనూ చదివాను. ఉంది.’ అంతే. నాకు పుస్తక సమీక్షలు చదివే అలవాటుంది, మీ ఆదివారం అనుబంధంలో వచ్చేవి కూడా, ఏమీ అనుకోకండి గానీ ఇంత చక్కగా చెప్పిన సమీక్ష ఈ మధ్య చూడలేదు. ఇంకో చీటీ కౌంటర్లో కూర్చునే గుమాస్తాది: ‘పరీక్షకి పనికిరాదు. ధైర్యంగా తీసుకోండి.’ పిల్లలు ఆ పుస్తకం కోసం వరస కట్టారట.

ఆ అర చూద్దామని వేసవిలో ఓ రోజు నేనే వెళ్లాను. బయటివాళ్లని ఊరికే లోపలికి పంపరు, రిజిస్టర్లో సంతకం, ఆధార్ జిరాక్సు, సంచి బయట పెట్టడం, అన్నీ అయ్యాక వెళ్లాను. పది పన్నెండు పుస్తకాలున్నాయి. వాటిలో ఒక్కటే తెలుగుది, మన ఉత్తరాంధ్ర వైపు జానపద కథలు. పేరు రాయను, ఇది ప్రకటన కాదు. దాని పక్కన చీటీ ఒడియా అక్షరాల్లో ఉంది. చదవబోతే అది ఒడియా కాదు. అక్షరాలు ఒడియావి, మాట తెలుగు! మొదటి లైను: ‘మెడ మీద కూచుని మా అవ్వ ఈ కతలు చెప్పీది.’ నాకు తిక్కపట్టింది, ఎవరి మెడ మీద కూచుంది ఈ అవ్వ? కాసేపటికి వెలిగింది. ఒడియా రాతలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు, రెంటికీ ఒకటే గుర్తు. మెడ అన్నా మేడ అన్నా అక్కడ ఒక్కలాగే రాస్తారు. అవ్వ మేడ మీదే కూచుంది పాపం.

రాసింది ఎవరని అడిగితే ఒక అటెండరుని చూపించారు. యాభై దాటిన మనిషి, చేతిలో పుస్తకాల దొంతర. తెలుగులో పలకరించేసరికి మొహం విప్పారింది, వెంటనే కొంచెం బెదురు కూడా కనిపించింది.

‘తెలుగచ్చరాలు నాకు రావమ్మా. ఒడియాలోనే రాసీసాను. ఏటి, తప్పా?’

తప్పేమీ లేదు బాబూ అన్నాను. మరి ఈ పుస్తకంలో ఏముందో ఎలా తెలిసింది అంటే, ఓ స్టూడెంటు చదివి వినిపించాడట, రెండు కథలు వినేసరికి అవి వాళ్ల అవ్వ చెప్పినవే అని తెలిసిపోయిందట. ఆయన ఆ లైబ్రరీలో తెలుగు పుస్తకాలన్నీ సర్దే మనిషి. ఒక్క పుస్తకం పేరు కూడా చదవలేడు. పుస్తకం వీపు మీద అంటించిన నంబరు చూసి సర్దుతాడు. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యానికి 894.827, ఒడియాకి 891.45 దగ్గర మొదలు. ‘ఎనిమిది తొంబై నాలుగు అంటే మనదే కదమ్మా’ అన్నాడు, ఇంటి నంబరు చెప్పినట్టు. ఆ బీరువాల వైపు తీసుకెళ్లి, ఇది నల్ల అట్టది ఎవరూ తియ్యరు, ఇది ఎర్ర అట్టది బరంపురం నుంచి ఒక మాస్టారు వచ్చినప్పుడల్లా అడుగుతారు అని ఒక్కోదాని చరిత్ర చెప్పుకొచ్చాడు. తెలుగు చదవడం రాని మనిషికి తెలుగు పుస్తకాల మీద ఇంత లెక్క ఉందంటే, చదవడం వచ్చిన నాకు సిగ్గేసింది.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది, ఇది లైబ్రరీల్లో పనిచేసేవాళ్లు చదవాలని రాస్తున్నాను. కంప్యూటర్లో గిడుగు రామమూర్తి గారి పుస్తకాలున్నాయేమో అని వెతికాను. లేవని చెప్పింది. అటెండరు మాత్రం బీరువాలోంచి రెండు తీసి చేతిలో పెట్టాడు. ఏమిటీ మాయ అని చూస్తే, తెలుగు పుస్తకాల పేర్లన్నీ కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. మనం ‘త’ రాయాలంటే టీ పక్కన హెచ్ పెడతాం. ఒడిశాలో ఉత్త టీ రాస్తారు. అలా రామమూర్తి ఒకచోట టీహెచ్‌తో, ఒకచోట టీతో, చివర ఒకచోట వై, ఒకచోట ఐ, ఇంకోచోట పేరు మొదట వచ్చి ఇంటిపేరు చివరికి పోయింది. ఒకే మనిషి నాలుగు ముక్కలై నాలుగు చోట్ల కూర్చున్నారు. ఇప్పుడు మన లైబ్రరీలు చాలావాటిలో వాడే కోహా సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలని అలాగే తీసుకుంటుంది, ఉచితంగా దొరికేదే. కాకపోతే తెలుగు టైపు చేయగలిగిన మనిషి కొన్నాళ్లు కూర్చోవాలి. ఆగస్టు 12న వీళ్లు సభ పెట్టింది మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారి పుట్టినరోజని. లైబ్రరీల కోసం ఆయన 1931లో రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమని. ఏడుగురు పెద్దల్లో ఆరుగురైనా ఆ సూత్రం చెప్పే ఉంటారు. నాకు ఆ రోజు కంప్యూటరు ముందు ముప్పావు గంట పోయింది.

రామమూర్తి గారినే ఎందుకు వెతికానంటే, మా ఊరికి ఆయన పరాయివారు కాదు. పదిహేడేళ్ల వయసులో, 1880లో, పర్లాకిమిడి రాజావారి బడికి పంతులుగా వచ్చారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే పాఠాల పుస్తకాలు రాసి, సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం వచ్చింది కూడా 1931లోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ ఊరు అటు చేరాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, 1940లో పోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో తెలుగు పిల్లలకి అక్షరాలు రాకపోవడం గురించి ఎవరి మీదా నింద వేయను, నా కూతురికి నేనే నేర్పలేదు.

ఇప్పుడు అసలు కార్యక్రమం సంగతి. నేను వెళ్లి వచ్చిన నెలకి ఆ అసిస్టెంట్ మేడమ్ మా అమ్మాయితో కబురు పెట్టారు: ‘మీ అమ్మగారు వచ్చి ఆ కథల పుస్తకం చదివి వినిపిస్తారా? మా అటెండరు అడుగుతున్నాడు.’ నాకు టెన్షన్, జీవితంలో పదిమంది ముందు నోరు విప్పి ఎరగను. పోనీలే అని వెళ్లాను. జులైలో ఒక శనివారం మధ్యాహ్నం. వేదిక లేదు, మైకు లేదు. పేపర్ల గదిలో బల్లలు పక్కకి జరిపి చాపలు పరిచారు. పదకొండు మంది వచ్చారు, లెక్కపెట్టాను. ముగ్గురు మా అమ్మాయి స్నేహితులు, బైండింగు ఆయన, గుమాస్తా, క్యాంటీన్ నుంచి ఒక కుర్రాడు టీ ఇవ్వడానికి వచ్చి ఉండిపోయాడు. అటెండరు గోడకి ఆనుకుని కళ్లు మూసుకు కూర్చున్నాడు.

మొదటి కథ నేను పుస్తకంలో ఉన్నట్టే చదివాను. రెండో కథ మధ్యలో ఆయన కళ్లు తెరవకుండానే ‘అలా కాదమ్మా, నక్క ముందు బావి కాడికి ఎల్తాది’ అన్నాడు. పుస్తకంలో నక్క చెరువు దగ్గరికి వెళ్తుంది. చదవడం ఆపేశాను. ఆయన వాళ్ల అవ్వ చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు, ఒడియా మాటలు కొన్ని, తెలుగు మాటలు ఎక్కువ, నక్క గొంతు, ఎలుగు గొంతు అన్నీ ఆయనే. మా అమ్మాయి, మీ పేపరు మడిచేసే ఆ పిల్లే, నోరు తెరుచుకుని వింది. అయ్యాక నా చేతిలోంచి పుస్తకం తీసుకుని పేజీ తిప్పి, ‘నక్క అన్న మాట ఇందులో ఎక్కడుందమ్మా, చూపించు’ అంది. చూపించాను. వేలు పెట్టి ‘న’ ఇదా, ‘క్క’ ఇదా అని అడిగింది. ఇరవై రెండేళ్ల పిల్ల.

ఆ రోజు సెరంగో వైపు నుంచి వచ్చిన సవర అమ్మాయి ఒకతె మూల కూర్చుని విన్నది. టీ తాగేటప్పుడు నెమ్మదిగా, ఇలాంటి నక్క కథ మాకూ ఉంది, నేను చెప్పొచ్చా అంది. వాళ్ల భాషలోనే చెప్పింది. ఒక్క మాట అర్థం కాలేదు, అయినా నక్క ఎప్పుడు వచ్చిందో అందరికీ తెలిసింది. వాళ్లకి సొంత లిపి కూడా ఉందని, 1936లో మంగై గొమాంగో అనే ఆయన తయారుచేశారని ఆ అమ్మాయే చెప్పి, నా పేరు ఆ లిపిలో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. ఖర్చు సంగతి కూడా చెప్పాలి, టీ, ఇక్కడి టిఫిన్లు బరా, గుగుని కలిపి ఒక శాలువా ఖరీదు కూడా కాలేదు.

పెద్ద సభలంటే నాకు కోపం అనుకోకండి. వెనకటి మన గ్రంథాలయోద్యమంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు పెద్ద సభలే పెట్టారు. 1919 నవంబరు 14న మద్రాసులో జరిపిన మహాసభని తలుచుకునే ఇప్పటికీ నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తున్నారు. కానీ ఆ కాలంలో సభతో ఆగలేదు కదా. 1935లో కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పి ఇచ్చారు. మా వైపు వారోత్సవాల్లో నేను చూసిన పుస్తక ప్రదర్శనలో పుస్తకాల చుట్టూ తాడు కట్టి ‘ముట్టరాదు’ అని రాశారు. ఇది వేరే చోట, వాళ్ల పేరూ వద్దు. ఇంకోచోట మా నాన్నగారు పోయాక ఆయన పుస్తకాలు రెండు గోనెసంచులు విరాళం ఇచ్చాను, ఫొటో తీసుకున్నారు, ఏడాది తర్వాత చూస్తే మెట్ల కింద ఆ సంచులు మూతి కట్టు విప్పకుండా అలాగే ఉన్నాయి, అడుగు నుంచి చెదలు. పుస్తకాలు ఇవ్వాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు అక్కడ అటెండరుతో ఒక పూట మాట్లాడి, ఎవరు ఏం అడుగుతున్నారో కనుక్కుని ఇవ్వండి. పాత పోటీ పరీక్షల గైడ్లు మాత్రం దయచేసి ఇవ్వకండి, వాటిని మోసేది కూడా ఆయనే.

సంపాదకులు గారూ, మీ పేపరు చదివేది మా వయసు వాళ్లం. వినాల్సింది మా పిల్లలు. అక్షరం రాకపోయినా చెవి ఉన్న పిల్లలు గజపతిలో, గంజాంలో, రాయగడలో ఎంతమంది ఉన్నారో మీ విలేకర్లకి నాకంటే బాగా తెలుసు. ఎక్కడ ఎవరు చదివి వినిపిస్తున్నారో ముందు రోజు మీ పేజీలో కనిపిస్తే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే పని మాది. నేను ఎక్కువ అడగడం లేదు. వారానికోసారి, ఆ సిమెంటు ప్రకటన పక్కన ఖాళీగా వదిలే జానెడు జాగాలో, వచ్చే వారం ఏ లైబ్రరీలో ఏం జరుగుతుందో, ఎన్ని గంటలకో, బయటివాళ్లని రానిస్తారో లేదో వేయండి. కింద ఏదో ఒక లైబ్రరీ సిబ్బంది రాసిన ఒక చీటీ, ఉన్నది ఉన్నట్టు, వాళ్ల మాటలోనే. మీ సబ్ఎడిటర్లు ‘ఎల్తాది’ని ‘వెళుతుంది’ అని దిద్దకుండా ఉంటే చాలు. శ్రీకాకుళం, విశాఖ వైపు యూనివర్సిటీ లైబ్రరీల్లో కూడా ఇలాంటి అర పెట్టి, మా వైపు చీటీలు అటు, అటువి ఇటు పంపుకుంటే బాగుంటుంది. పుస్తకం సరిహద్దు దాటించాలంటే సంతకాలు, అనుమతులు చాలా కావాలి, చీటీకి ఒక ఫొటో చాలు.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జత చేశాను. ఆగస్టు 29న మధ్యాహ్నం మూడు గంటలకి ఆ పేపర్ల గదిలోనే మళ్లీ కథలు. ఈసారి అటెండరు చెప్తాడు, నేను రాసుకుంటాను, సవర అమ్మాయి వాళ్ల పెద్దమ్మని తీసుకొస్తానంది. చోటు పేరు, బస్సు దిగాల్సిన స్టాపు ఆ కాగితంలో ఉన్నాయి, వేయడానికి మేడమ్ ఒప్పుకున్నారు. ఆధార్ జిరాక్సు తెచ్చుకోవాలని కూడా వేయండి, లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. ఇంత పొడుగు ఉత్తరానికి మీ పేజీలో జాగా ఉండదని తెలుసు. ఉత్తరం పక్కన పడేసినా ఫర్వాలేదు, ఆ కాగితం మాత్రం 28వ తేదీ పేపర్లో వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా